వారం రోజుల్లో తేలిపోయే ఐదేళ్లు

మున్సిపల్ ఎన్నికలంటే జనం గుర్తుపెట్టుకునే రోజులు రెండే: పోలింగు, కౌంటింగు. టికెట్ ఎవరికి దక్కింది, ఏ బస్తీలో ఎంత పంచారు, ఎంత శాతం పడింది, ఇవే కబుర్లు. వార్డుల పునర్విభజన తర్వాత వచ్చే ఎన్నికలో మాత్రం సగం పని అంతకు ఎన్నో వారాల ముందే, ముసాయిదా నోటిఫికేషన్‌కీ తుది నోటిఫికేషన్‌కీ మధ్య ఉన్న ఆ కాస్త గడువులోనే అయిపోతుంది. ఆ గడువులో కాగితం పెట్టని వాళ్లు తర్వాత ఎంత అరిచినా వినే చోటు దాదాపుగా ఉండదు. రాజ్యాంగంలోని 243 జడ్‌జీ అధికరణం ఆ తలుపు మూసేసింది. వార్డుల హద్దులకు, సీట్ల కేటాయింపుకు సంబంధించిన చట్టాన్ని కోర్టులో ప్రశ్నించడానికి వీల్లేదు. ఎన్నిక జరిగిపోయాక ఎన్నికల పిటిషన్ తప్ప వేరే దారీ లేదు. నోటిఫికేషన్ పద్ధతి ప్రకారం వచ్చిందా, అభ్యంతరాలు విన్నారా అని హైకోర్టు అడగొచ్చు. ఫలానా వీధి ఏ డివిజన్‌లో (పెద్ద నగరాల్లో వార్డును ఇలాగే అంటారు) ఉండాలో మాత్రం అది తేల్చదు.

అందుకే నా వాదన ఒక్కటే. పునర్విభజన మీద కోపం ఉన్నవాళ్లు దాన్ని ముసాయిదా దశలోనే, లెక్కలతో చూపించాలి. ప్రభుత్వాలు కూడా ఆ దశను పేరుకు జరిపే తంతులా కాకుండా, లెక్క చూసుకోవడానికి వీలయ్యేలా జరపాలి. ఇప్పుడు ఈ రెండూ సరిగా జరగడం లేదు.

2025 డిసెంబరు హైదరాబాదే తీసుకోండి. చుట్టుపక్కల ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను కలిపేసి 150 డివిజన్లను 300 చేశారు. సుమారు 650 చదరపు కిలోమీటర్ల నగరం రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటింది. ఇంత మార్పు మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి మొదట ఇచ్చింది వారం రోజులు. ఏ డివిజన్‌లో ఎంత జనాభా ఉందో, పటం ఎలా ఉందో బయటపెట్టమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. గడువు ఇంకో రెండు రోజులు పెరిగింది. ఈ తొందరకు కారణం లేకపోలేదు. జనగణన కోసం పాలనా సరిహద్దులన్నీ ఆ డిసెంబరు 31 కల్లా ఖాయం కావాల్సి ఉండింది, ఆ తర్వాత కదపడానికి లేదు. కానీ ఆ తేదీ నెలల ముందే అందరికీ తెలుసు. పరీక్ష తేదీ తెలిసి కూడా ముందురోజు రాత్రి పుస్తకం తెరిచినట్టుంది వ్యవహారం.

హద్దు ఎలా గీస్తారో తెలియకపోతే అభ్యంతరం ఎలా రాయాలో కూడా తెలియదు. కాబట్టి అక్కడ మొదలుపెడదాం.

డివిజన్‌కు ఇటుక జనగణన బ్లాకు. ఎన్యూమరేషన్ బ్లాకు అంటారు. జనగణనలో ఒక ఉద్యోగి తిరిగి లెక్క రాసుకోగలిగినన్ని ఇళ్లు, అంటే సుమారు 120 నుంచి 150 ఇళ్లు, 600 నుంచి 800 మంది. ఈ బ్లాకులను పక్కపక్కన పేర్చుకుంటూ పోతే డివిజన్ వస్తుంది. బ్లాకును మధ్యకు చీల్చకూడదు. చీలిస్తే అటెంత మంది, ఇటెంత మంది అన్న లెక్క ఎవరి దగ్గరా ఉండదు. మొత్తం జనాభాను డివిజన్ల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. ఆ సగటుకు పది శాతం అటూ ఇటూ ఉండేలా చూడాలన్నది తెలుగు రాష్ట్రాల్లో పాటించే కొలత. 150 డివిజన్ల పాత గ్రేటర్ హైదరాబాద్ లెక్కలో 2011 జనాభా సుమారు 67 లక్షలు కాబట్టి సగటు 45 వేలు. అంటే ఒక డివిజన్ 40,500కు తగ్గకూడదు, 49,500 దాటకూడదు. రోడ్లు, నాలాలు, రైలు పట్టాలు, చెరువు గట్లు హద్దులుగా ఉంటే మంచిది, ఎందుకంటే ఎవరైనా నిలబడి చూపించగలరు.

ఇక్కడ అసలు చిక్కు 2011. రాజ్యాంగం ప్రకారం జనాభా అంటే చివరిసారి ప్రచురించిన జనగణన లెక్కే. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. 2027 లెక్కలు వచ్చి అచ్చయ్యేదాకా ఎవరు ఏ నగరంలో గీత గీసినా పాత అంకెల మీదే గీయాలి. దాని ఫలితం 2020 గ్రేటర్ ఎన్నికల్లోనే కళ్లకు కట్టింది. అప్పటి ఓటర్లు 74 లక్షల పైచిలుకు. 2011లో పసిపిల్లలతో సహా లెక్కపెట్టిన జనం కంటే తొమ్మిదేళ్ల తర్వాత ఓటర్లే ఎక్కువ! మైలార్‌దేవ్‌పల్లిలో 79 వేలకు పైగా ఓటర్లుంటే రామచంద్రాపురంలో సుమారు 28 వేలు. ఇద్దరు కార్పొరేటర్లకూ కౌన్సిల్లో చెరో ఓటు. మైలార్‌దేవ్‌పల్లి ఓటరు మాటకు రామచంద్రాపురం ఓటరు మాటలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ విలువ మాత్రమే ఉందన్నమాట.

పది శాతం నిబంధనను కాగితం మీద తు.చ. తప్పకుండా పాటించినా శివార్లలో ఇలాగే అవుతుంది. 2011లో రాళ్లగుట్టలున్న చోట ఇప్పుడు ముప్పై అంతస్తుల టవర్లున్నాయి, బ్లాకు లెక్కలో మాత్రం అక్కడ ఇంకా గుట్టలే. ఇందులో కుట్ర వెతకాల్సిన పని లేదు, పాత అంకెలు చాలు. అయితే అంకెలు పాతవని తెలిసినప్పుడు పక్కనే ఓటర్ల జాబితా, ఆస్తిపన్ను కట్టే ఇళ్ల సంఖ్య పెట్టి సరిచూసుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు. బ్లాకుల జనాభా సమానంగా వచ్చే గీతలు ఒకటికి నాలుగు ఉంటాయి. వాటిలో ఓటర్ల సంఖ్య కూడా దగ్గరగా వచ్చేదాన్ని ఎంచుకోవచ్చు. ఆ పని చేసినట్టు ఏ ముసాయిదాలోనూ కనిపించదు. నాకు దీని మీదే ఎక్కువ కోపం.

ఇక నోటిఫికేషన్ చదవడం. గెజిట్‌లో డివిజన్ ఒక పేరాగ్రాఫ్‌లా ఉంటుంది: ఉత్తరాన ఫలానా కూడలి నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు, తూర్పున నాలా వెంట ఫలానా గుడి దాకా, దక్షిణాన ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా మెయిన్ రోడ్డు దాకా. దీన్ని కుర్చీలో కూర్చుని చదివితే అంతా బాగున్నట్టే ఉంటుంది. పటం ముందేసుకుని, పేరా మొదట చెప్పిన బిందువు దగ్గర పెన్సిల్ పెట్టి, చెప్పిన వరసలోనే గీస్తూ పోవాలి. తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. చాలాసార్లు రాదు. దక్షిణపు గీత ఆగిన చోటుకూ పడమటి గీత మొదలైన చోటుకూ మధ్య రెండు వీధులు మిగిలిపోతాయి, అవి ఏ డివిజన్‌లోనూ ఉండవు. పక్క డివిజన్ పేరా కూడా అదే పటం మీద గీస్తే ఇంకో రకం తప్పు దొరుకుతుంది: ఒకే కాలనీ రెండింటిలోనూ ఉంటుంది. నాలా హద్దు అన్నప్పుడు ఏ గట్టు? రోడ్డు హద్దు అన్నప్పుడు రోడ్డుకు ఎడమపక్క దుకాణాలు ఎటు? ఇవి రాయకపోతే వివాదం రేపు ఓటర్ల జాబితాలో తేలుతుంది.

ఇంటి నంబరును చూసి మోసపోవద్దు. పాత హైదరాబాద్ నంబర్లలో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఆ వార్డు ఎప్పటిదో. ఇప్పటి ఎన్నికల డివిజన్‌తో దానికి సంబంధం లేదు. ‘మా గుమ్మం మీద ఎనిమిది ఉంది కాబట్టి ఎనిమిదో వార్డు’ అనుకుని అభ్యంతరం రాస్తే గుమాస్తా రెండో వాక్యం చదవడు.

అభ్యంతరాల్లో ఎక్కువ భాగం ఎందుకు కొట్టివేతకు గురవుతాయో తెలుసుకుంటే రాయడం సులువవుతుంది. ‘తరతరాలుగా మేము ఫలానా డివిజన్‌లో ఉన్నాం, అందులోనే ఉంచండి’ అన్న మాట ఎంత నిజమైనా దాని మీద అధికారి ఏ పనీ చేయలేడు. ఒక కాలనీని తీస్తే లెక్క ఎక్కడికి పోతుందో అందులో లేదు. పనికొచ్చే అభ్యంతరంలో డివిజన్ నంబరు, పేరు, వివాదంలో ఉన్న హద్దు వాక్యం యథాతథంగా, కదలాల్సిన బ్లాకుల నంబర్లు, వాటి జనాభా, కదిపాక రెండు డివిజన్ల మొత్తాలు, ఆ మొత్తాలు పది శాతం లోపలే ఉన్నాయన్న లెక్క, కొత్త హద్దు ఎలా ఉండాలో రాసిన వాక్యం ఉండాలి. పటం మీద రెండు రంగుల్లో గీసి జతచేస్తే ఇంకా మంచిది.

ఉదాహరణకు ‘అ’ డివిజన్ 48,900, ‘ఆ’ డివిజన్ 41,200 అనుకుందాం. నాలుగు బ్లాకుల కాలనీ ఒకటి, 2,900 మంది, ‘అ’లో పడింది. వాళ్లు ‘ఆ’లోకి పోతామంటే ‘అ’ 46,000, ‘ఆ’ 44,100 అవుతాయి. రెండూ హద్దులోనే, పైగా సగటుకు దగ్గరయ్యాయి. ఈ అభ్యంతరాన్ని కాదనడానికి అధికారి కారణం వెతుక్కోవాలి. అదే కాలనీ ‘ఆ’లో ఉండి ‘అ’లోకి వస్తామంటే ‘అ’ 51,800కు చేరుతుంది, ‘ఆ’ 38,300కు పడిపోతుంది. రెండూ చెడ్డాయి. అప్పుడు ‘అ’ నుంచి అంతకు అంత జనాభా ఉన్న బ్లాకుల్ని ‘ఆ’కు ఇచ్చే ప్రతిపాదన కూడా మీరే రాయాలి. ఆ బ్లాకుల వాళ్లు ఒప్పుకోకపోతే వాళ్లూ ఇంకో అభ్యంతరం పెడతారు, కాబట్టి ముందే వెళ్లి మాట్లాడటం మేలు. ఇదంతా వారంలో, అదీ బ్లాకుల జాబితా చేతిలో లేకుండా చేయమనడం ఎంత అన్యాయమో ఈ లెక్క ఒక్కసారి వేసి చూసినవాళ్లకు తెలుస్తుంది. కాగితం ఇచ్చాక రసీదు తీసుకోవాలి. రసీదు లేని అభ్యంతరం ఇవ్వనట్టే.

జనం పెద్దగా పట్టించుకోనిది, నాయకులు మాత్రం రాత్రింబవళ్లు కూర్చుని చూసేది రిజర్వేషన్. 2020లో 150 డివిజన్లలో ఎస్టీలకు 2, ఎస్సీలకు 10, బీసీలకు 50 పోగా మిగతా 88లో సగం, అంటే 44, జనరల్ మహిళలకు. అన్ని వర్గాల్లోనూ సగం మహిళలవే కాబట్టి మొత్తం 75 స్థానాలు వాళ్లవి. ఎస్సీ స్థానం ఎక్కడికి పోతుందనేది ఆయా డివిజన్‌లో ఎస్సీ జనాభా శాతాన్ని బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరసపెట్టి తేలుస్తారు. మహిళల స్థానాలు లాటరీలో తీస్తారు. లాటరీలో ఎవరి చేయీ ఉండకపోవచ్చు, శాతంలో మాత్రం గీత గీసినవాడి చేయి ఉంటుంది. తొమ్మిది వేల మంది ఉన్న ఒక ఎస్సీ బస్తీ 45 వేల డివిజన్‌లో నిండుగా ఉంటే 20 శాతం, వరసలో పైన నిలబడుతుంది. అదే బస్తీ మధ్య నుంచి గీత పోతే రెండు డివిజన్లలోనూ పది పది శాతమే. రెండూ వరసలో కిందికి జారతాయి. బస్తీలో జనం తగ్గలేదు, ఇళ్లు కదల్లేదు, రిజర్వుడు స్థానం మాత్రం మాయమైంది. అందుకే ముసాయిదా రాగానే చూడాల్సిన మొదటి గీత బస్తీ నడిమధ్య నుంచి పోయే గీత. రిజర్వేషన్ల జాబితా వచ్చాక గొడవ చేస్తే ‘హద్దులు ఎప్పుడో ఖాయమయ్యాయి’ అంటారు, అదీ నిజమే.

పైగా గ్రేటర్‌లో 2016 నాటి రిజర్వేషన్లే చట్టం మార్చి 2020లోనూ కొనసాగించారు. పదేళ్లు ఒకే డివిజన్‌ను నమ్ముకుని పనిచేసిన కార్పొరేటర్లు కొత్త గీతలతో ఒక్కసారిగా చెల్లాచెదురవుతారు. వాళ్ల ఏడుపు మీద నాకు పెద్దగా జాలి లేదు గానీ, ఒక మంచి పరిణామాన్ని, ఒక చెడ్డ పరిణామాన్ని అది వెంటపెట్టుకొస్తుంది. మంచిది, కొత్తవాళ్లకు చోటు దొరుకుతుంది. చెడ్డది, వచ్చేసారి ఈ డివిజన్ తమది కాదని ముందే తెలిసిన కార్పొరేటర్ చివరి ఏడాది నాలా పూడిక గురించి పట్టించుకోడు.

గీతలో చిన్న తేడా కౌన్సిల్లో ఎంత పెద్ద తేడా తెస్తుందో 2020 ఫలితాలే చెబుతాయి. టీఆర్‌ఎస్‌కూ బీజేపీకీ నగరం మొత్తం మీద 35 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి, మధ్యలో అర శాతం తేడా కూడా లేదు. సీట్లు మాత్రం 56, 48. అటు పక్కపక్కన గుత్తిగా ఓట్లున్న మజ్లిస్‌కు 2009లో 43, 2016లో 44, 2020లో 44. చుట్టూ మిగతా పార్టీల లెక్కలు తలకిందులైనా దాని అంకె కదల్లేదు. ఓట్లు చెదిరి ఉన్న పార్టీ భవితవ్యం గీతలో ఉంటుంది, ఒకచోట కుదురుకున్న పార్టీకి ఆ భయం తక్కువ. ఆ కుదురును చీల్చగలిగేదీ గీతే, కాబట్టి ప్రతి పార్టీ కార్యాలయంలోనూ ముసాయిదా రోజుల్లో నిద్ర ఉండదు.

మరి ఈ పెన్సిల్ ఎవరి చేతిలో ఉంది? తెలుగు రాష్ట్రాల్లో అది రాష్ట్ర ప్రభుత్వం చేతిలో. మున్సిపల్ శాఖ, కమిషనర్ గీస్తారు. రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ తర్వాత ఎన్నిక నడుపుతుంది. ఎన్నికల్లో పోటీపడే అధికార పార్టీయే మైదానం కొలిచి సున్నం వేస్తున్నట్టన్నమాట. కేరళలో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షతన డీలిమిటేషన్ (పునర్విభజన) కమిషన్ ఉంటుంది. ముసాయిదా అదే వేస్తుంది, వాదనలూ అదే వింటుంది. అక్కడ గొడవలు లేవని కాదు, ప్రతిపక్షం అక్కడా పక్షపాతం అంటూనే ఉంటుంది. కానీ ఆ ఆరోపణకు జవాబు చెప్పాల్సింది ఎన్నికల్లో నిలబడే వాళ్ల ప్రభుత్వం కాదు. ఐఏఎస్ అధికారి గీస్తే ఒకటి, ఎన్నికల కమిషనర్ గీస్తే ఒకటా, ఇద్దరూ ఒకే కేడర్ నుంచే కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో బలం ఉంది. అయినా బదిలీ భయం ఉన్న అధికారికీ, హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప తొలగించలేని పదవిలో ఉన్న వ్యక్తికీ తేడా ఉంటుంది.

ప్రభుత్వం చేతిలో పెన్సిల్ ఉంటే ఇంకో ప్రమాదం: గీస్తూనే ఉండొచ్చు. బెంగళూరు కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. 198 వార్డుల్ని 243 చేశారు, తర్వాత 225 చేశారు. ఆ రెండు పటాల మీదా ఒక్క ఓటూ పడలేదు. చివరికి నగరాన్నే ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టి మళ్లీ మొదటికొచ్చారు. విశాఖలో 72 వార్డుల కౌన్సిల్ గడువు 2012లో అయిపోతే, అనకాపల్లి, భీమునిపట్నం కలిశాక 98 వార్డులతో ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారులదే రాజ్యం. గడువు ముగిసేలోపు ఎన్నిక జరిగి తీరాలని రాజ్యాంగంలోని 243యూ అధికరణం చెబుతోంది. పునర్విభజన పూర్తి కాలేదన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులోనూ, 2022లో సురేశ్ మహాజన్ కేసులోనూ చెప్పింది. కాకపోతే ఈ వాదనను ‘కాబట్టి గడువు తగ్గించండి, తొందరగా గీయండి’ అని తిప్పేవాళ్లున్నారు. అభ్యంతరాలకు నెల రోజులిస్తే ఎన్నికలు ఆగిపోవు. కౌన్సిల్ గడువు ముగియడానికి ఏడాది ముందు మొదలుపెడితే నెల ఎంత!

హద్దులు ఖాయమయ్యాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఓటర్లకు అసలు తిప్పలు అప్పుడే మొదలవుతాయి. మున్సిపల్ ఎన్నికలకు విడిగా ఓటర్ల నమోదు లేదు, అసెంబ్లీ జాబితానే డివిజన్లవారీగా విడగొడతారు. అసెంబ్లీ జాబితాలోని భాగం పోలింగ్ కేంద్రాన్ని బట్టి ఏర్పడింది. డివిజన్ జనగణన బ్లాకును బట్టి ఏర్పడింది. ఈ రెండు గీతలూ కలవవు. ఒకే భాగంలో మొదటి 600 పేర్లు ఒక డివిజన్‌కు, మిగతావి పక్క డివిజన్‌కు పోవాల్సి వస్తుంది. ఇంటి నంబర్లు వరసగా ఉంటే పని అయిపోతుంది. ఉండవు. తర్వాత చేరిన పేర్లు అనుబంధ జాబితాలో చివరన ఉంటాయి, కొన్ని చోట్ల ఇంటి నంబరు దగ్గర సున్నా ఉంటుంది, ఒకే అపార్ట్‌మెంట్‌కు మూడు రకాల నంబర్లుంటాయి. ఇంటింటికీ తిరిగి చూడాల్సిన సిబ్బంది ఆఫీసులో కూర్చుని కోస్తే భార్య ఒక డివిజన్, భర్త ఇంకో డివిజన్ అవుతారు.

డివిజన్లవారీ ముసాయిదా జాబితా వచ్చినప్పుడు ఓటరు చేయాల్సింది చిన్న పనే. ఎపిక్ నంబరు, అంటే ఓటరు కార్డు మీది నంబరు, మారదు, దానితో వెతికి డివిజన్, వరస సంఖ్య చూసుకోవాలి. ఇంట్లో అందరివీ చూడాలి, ఒక్కరిది చూసి వదిలేయకూడదు. డివిజన్ తప్పుపడితే ఆ గడువులోనే మున్సిపల్ సర్కిల్ కార్యాలయంలో రాసివ్వాలి. పేరే లేకపోతే అక్కడ పని జరగదు, అసెంబ్లీ జాబితాలో చేరడానికి ఫారం 6, అడ్రసు మారితే ఫారం 8 పెట్టుకోవాలి. పోలింగు రోజు బూత్ దగ్గర ‘పోయినసారి ఇక్కడే వేశాను’ అంటే పోలింగ్ అధికారి చేయగలిగింది ఏమీ లేదు.

పోటీ చేసేవాళ్లకు ఇదే జాబితా ఇంకో గోతి తవ్వుతుంది. నగరంలో ఎక్కడ ఓటున్నా ఏ డివిజన్‌లోనైనా పోటీ చేయొచ్చు, కానీ నామినేషన్‌పై సంతకం పెట్టే ప్రతిపాదకుడు ఆ డివిజన్ ఓటరై ఉండాలి. ఇరవై ఏళ్లుగా పక్కింట్లో ఉన్న మనిషే కదా అని సంతకం పెట్టిస్తారు, కొత్త జాబితాలో ఆయన పేరు రోడ్డవతలి డివిజన్‌లో ఉంటుంది, పరిశీలనలో నామినేషన్ పోతుంది. తుది జాబితాలో ప్రతిపాదకుడి వరస సంఖ్య చూసి రాసుకున్నాకే సంతకం తీసుకోవాలి. అభ్యర్థి ఓటు వేరే డివిజన్‌లో ఉంటే ఆ జాబితా ధ్రువీకరణ ప్రతి జతచేయాలి. నామినేషన్ చివరి రోజు మధ్యాహ్నం ఈ ప్రతి కోసం సర్కిల్ ఆఫీసులో నిలబడితే దొరకదు. వీలైతే నామినేషన్ పత్రాల రెండో సెట్టు వేరే ప్రతిపాదకుడితో వేసి పెట్టుకోవాలి.